పాత సెడాన్‌కి పికప్ కావాలంటే: మ్యానిఫోల్డ్ మార్చాలా, ఉన్నదే బాగుచేయించాలా, ఇంజినే దింపాలా?

నలుగురు కూర్చున్న పాత సెడాన్‌ని ఏసీ వేసుకుని విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్ మీదికి ఎక్కిస్తుంటే, దాని ఆయాసం మొదట తెలిసేది డ్రైవర్ కాలికే. పెడల్ మొత్తం నొక్కినా బండి అడిగినంత ఇవ్వదు. వెనక నుంచి హారన్ మోగుతూనే ఉంటుంది. ఆ రాత్రి ఇంటికొచ్చి ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెడతాం. ఒకాయన ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల సెట్టు) మార్చమంటాడు, ఇంకొకాయన ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగ సులువుగా బయటికి పోనిచ్చేది) అంటాడు, మరొకాయన ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో లెక్కలు మార్చడం) అంటాడు. ఆటోనగర్‌కి వెళ్తే "ఇంజిన్ దింపేద్దాం సార్, ఒకేసారి పనైపోతుంది" అనేవాళ్లూ ఉంటారు.

ఎస్టీమ్, బాలెనో, పాత హోండా సిటీ, లాన్సర్, ఐకాన్, యాక్సెంట్ లాంటి పెట్రోల్ సెడాన్లు ఇంకా ప్రేమగా నడుపుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా దగ్గర ఉన్నది 2003 ఎస్టీమ్, మా పెదనాన్న గారి బండి. దాని మీద నేను చేసిన తప్పులు, తర్వాత నేర్చుకున్నవి రెండూ ఇందులో ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇరవై ఏళ్ల సెడాన్‌లో పోయిన పికప్‌లో పెద్ద వాటా ఎక్కడో కారిపోతున్న గాలిది, తగ్గిన కంప్రెషన్‌ది (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి), మూసుకుపోయిన ఇంజెక్టర్లది (పెట్రోలు చిమ్మే ముక్కులు). అవి సరిచేయకుండా ఎంత మంచి మ్యానిఫోల్డ్ బిగించినా డబ్బులు పోయినట్టే.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మీరు నడిపే ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, ఎవరూ అడగనిదీ ఇదే. బెంజ్ సర్కిల్, ఏలూరు రోడ్డు, బీసెంట్ రోడ్డు దగ్గర మన ఇంజిన్ తిరిగేది 1,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య. గుంటూరు వైపు హైవే మీద టాప్ గేర్‌లో 80 స్పీడుకి దాదాపు 2,500 నుంచి 3,000. కాజ టోల్‌గేట్ దాటాక ఓవర్‌టేక్ చేసినప్పుడు కాసేపు 4,000 దాటుతుంది. 5,500 పైన బలం పెంచే పార్టు కొంటే, ఆ బలాన్ని మీరు నెలకి ఐదు నిమిషాలు కూడా వాడరు.

ఇంజిన్ ఆరోగ్యం. ఆయిల్ తాగుతున్న ఇంజిన్‌కి అప్‌గ్రేడ్ అనే మాటే వద్దు.

పార్టు అతుకుతుందా, మళ్లీ వెనక్కి మార్చుకోగలమా. బోల్టు రంధ్రాలు కలవడం ఒక్కటే చాలదు. పోర్టుల (ఇంజిన్ పైభాగమైన హెడ్డులో గాలి వెళ్లే రంధ్రాలు) ఆకారం, ఇంజెక్టర్ కూర్చునే చోటు, సెన్సర్ల సాకెట్లు, యాక్సిలరేటర్ కేబుల్ లాగే వైపు, బ్రేక్ బూస్టర్‌కి (బ్రేకు పెడల్‌ని తేలిక చేసేది) వెళ్లే వాక్యూమ్ గొట్టం, కూలెంట్ దారి, ఇవన్నీ కలవాలి.

ఎండ, పెట్రోలు. గాలి 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు 6 శాతం పడిపోతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బానెట్ కింది వేడి ఇంకా ఎక్కువ. ఇక ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది కాబట్టి లెక్క ప్రకారం ఈ20లో 6, 7 శాతం శక్తి తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం బండి లాగడం లేదని అనిపిస్తే, అందులో కొంత బండి తప్పు కాదు.

కాగితాలు. దీని సంగతి ఇంజిన్ మార్పిడి దగ్గర వివరంగా చెప్తాను.

## ఏ పార్టూ కొనకముందు ఒక ఉదయం కేటాయించండి

నా ఎస్టీమ్‌కి సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్ ఎక్కుతూ దిగుతూ ఉండేది. ఏసీ వేస్తే డ్యాష్‌బోర్డు మొత్తం వణికేది. నేను మొదట వెళ్లిన షెడ్డులో మ్యానిఫోల్డ్ పగిలిందన్నారు. సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి బిగించారు. పాత ప్యాకింగ్ ముక్కలు పూర్తిగా గీకకుండా, మీద గమ్ము దట్టంగా పూసి, స్పానర్‌తో బలం కొద్దీ తిప్పారు. హెడ్డులో ఒక స్టడ్డు (మ్యానిఫోల్డ్‌ని పట్టి ఉంచే మరమేకు) విరిగింది. విరిగిన సంగతి నాకు చెప్పలేదు. వారానికి అదే వణుకు మళ్లీ వచ్చింది.

రెండోసారి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. నేను ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించి, కార్బ్ క్లీనర్ డబ్బాకి సన్న గొట్టం తగిలించి, మ్యానిఫోల్డ్ హెడ్డుకి అతికే గీత వెంబడి కొంచెం కొంచెంగా కొట్టుకుంటూ వచ్చాడు. ఒకటి, రెండు, మూడు సిలిండర్ల దగ్గర ఏ మార్పూ లేదు. నాలుగో దాని కింద కొట్టగానే ఇంజిన్ శబ్దం మారింది, రెండు సెకన్లు నున్నగా తిరిగి మళ్లీ వణికింది.

"విన్నావా అబ్బాయ్? గాలి తాగుతోంది ఇక్కడ. దీనికి కొత్త మ్యానిఫోల్డ్ ఎందుకు?" అన్నాడు.

చేత్తో తడిమి చూపించాడు. స్టడ్డు ఉండాల్సిన చోట గుంట, అందులో ఎండిన గమ్ము. విరిగిన ముక్క తీసి, కొత్త మర వేయించి, ఫ్లాంజ్‌కి (హెడ్డుకి అతికే అంచు) ఫేసింగ్ చేయించి, అంటే చదును చేయించి, కొత్త ప్యాకింగ్ వేస్తే బండి మళ్లీ నిలకడగా తిరిగింది. మొదట ఖర్చుపెట్టినదంతా వృథా.

ఆ రోజు ఆయన చేసిన పరీక్షలు మీరు ఏ షెడ్డులోనైనా అడిగి చేయించుకోవచ్చు:

- వాక్యూమ్ గేజ్ (మ్యానిఫోల్డ్‌లో గాలి లాగే బలం చూపే మీటర్). వేడెక్కిన ఇంజిన్ ఐడ్లింగ్‌లో 18 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య ముల్లు కదలకుండా నిలబడాలి. విజయవాడ, గుంటూరు సముద్ర మట్టానికి పెద్ద ఎత్తులో లేవు కాబట్టి ఈ లెక్కని అలాగే తీసుకోవచ్చు. ముల్లు తక్కువలో నిలబడితే గాలి లీకో, టైమింగ్ తేడానో. లయగా కొట్టుకుంటుంటే వాల్వుల వైపు అనుమానించాలి.
- కంప్రెషన్. నాలుగు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. పాత సుజుకీ పెట్రోల్ ఇంజిన్లకు దాదాపు 170 పీఎస్ఐ కింది హద్దు. అంతకన్నా పడినా, ఒక సిలిండర్ మిగతావాటికి 15 పీఎస్ఐ పైగా వెనకబడినా మ్యానిఫోల్డ్ ఆలోచన పక్కన పెట్టేయండి.
- ఎర్రర్ కోడ్. మన దేశంలో కార్లకు ఓబీడీ (బండి తన లోపాలని తానే గుర్తించి చెప్పే ఏర్పాటు) తప్పనిసరి అయింది 2010 తర్వాతే. అందుకే పాత సెడాన్లలో చాలావాటికి మామూలు స్కానర్ పనిచేయదు. ఎస్టీమ్ కాలం నాటి సుజుకీ ఎంపీఎఫ్ఐలో (ప్రతి సిలిండర్‌కీ విడిగా ఇంజెక్టర్ ఉండే పద్ధతి) డయాగ్నోసిస్ కనెక్టర్‌లో చిన్న వైరు కలిపితే చెక్ ఇంజిన్ లైటు మిణుకుమంటూ కోడ్ చెబుతుంది. 12 వస్తే లోపం ఏదీ నమోదు కానట్టు.

ఒక జాగ్రత్త. ఆ స్ప్రే మండుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, ఎగ్జాస్ట్ వైపు పడకుండా, పక్కన ఎవరూ సిగరెట్ కాల్చకుండా చేయాలి. స్ప్రే మీద భయం ఉంటే సబ్బు నీళ్లతో కూడా పెద్ద లీకులు దొరుకుతాయి.

## మ్యానిఫోల్డ్ మారిస్తే అసలు ఏం మారుతుంది?

ఇన్‌టేక్ వాల్వు మూసుకున్నప్పుడు లోపలికి దూసుకొస్తున్న గాలి దానికి తగిలి వెనక్కి అలలా కొడుతుంది. ఆ అల ప్లీనమ్ (మ్యానిఫోల్డ్‌లోని గాలి గది) దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి వాల్వు మళ్లీ తెరుచుకుంటే సిలిండర్‌లోకి కాస్త ఎక్కువ గాలి దూరుతుంది. ఈ కలయిక ఏ ఆర్‌పీఎంలో జరగాలన్నది రన్నర్ (ప్లీనమ్ నుంచి సిలిండర్‌కి వెళ్లే గొట్టం) పొడవు నిర్ణయిస్తుంది. గొట్టం పొడుగైతే అల తిరిగి రావడానికి సమయం పడుతుంది, అంటే తక్కువ ఆర్‌పీఎంలో లాభం. పొట్టిదైతే ఎక్కువ ఆర్‌పీఎంలో.

| | పొడుగు, సన్న రన్నర్లు | పొట్టి, వెడల్పు రన్నర్లు |
|---|---|---|
| బలం వచ్చే చోటు | కింద, మధ్య ఆర్‌పీఎం | పై ఆర్‌పీఎం |
| సిటీ ట్రాఫిక్‌లో | రెండో గేర్‌లోనూ సాఫీగా లాగుతుంది | మాటిమాటికీ గేర్ దించాలి |
| ఏసీ వేసినప్పుడు | లోడు తట్టుకుంటుంది | కింద డల్ అవుతుంది |
| ఎవరికి పనికొస్తుంది | రోజూ నడిపేవాళ్లకి | ట్రాక్ మీద నడిపేవాళ్లకి |

కంపెనీ వాళ్లు సెడాన్‌కి పొడుగు రన్నర్లు ఇచ్చింది తెలియక కాదు. ఏసీ వేసుకుని, నలుగురితో, ట్రాఫిక్‌లో నడిచే బండి కోసం ఆలోచించే ఇచ్చారు. దాన్ని తీసేసి మెరిసే పొట్టి మ్యానిఫోల్డ్ బిగిస్తే, మనం రోజూ వాడే బలాన్ని వదులుకుని ఎప్పుడో వాడే బలాన్ని కొనుక్కున్నట్టు.

అల్యూమినియమా, ప్లాస్టిక్కా అనేది కూడా అడుగుతుంటారు. నైలాన్ మ్యానిఫోల్డ్ వేడిని తక్కువగా పట్టుకుంటుంది, లోపలి గోడ నున్నగా ఉంటుంది, తేలిక. మన ఎండకి అది మంచిదే. కానీ పాతబడితే పెళుసుగా అవుతుంది, పగిలితే అతుకు నిలవదు. మిక్సర్ రకం ఎల్‌పీజీ లేదా సీఎన్‌జీ కిట్ ఉన్న బండిలో బ్యాక్‌ఫైర్ వస్తే ప్లాస్టిక్ మ్యానిఫోల్డ్ ఒక్క దెబ్బకి పగిలిపోవచ్చు. అలాంటి కిట్ ఉన్నవాళ్లు అల్యూమినియం దాటి పోవద్దు.

## ఒకటో దారి: ఉన్న మ్యానిఫోల్డ్‌నే పునరుద్ధరించడం

పైకి చప్పగా కనిపించే దారి ఇది. పాత సెడాన్లకి పది బళ్లలో ఎనిమిదింటికి నేను చెప్పేది మాత్రం ఇదే.

మ్యానిఫోల్డ్ దింపి లోపలి మసి కడగాలి. పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌కి పంపేది) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి ఏళ్ల తరబడి పేరుకుని రన్నర్ గోడలకి జిగురులా పట్టి ఉంటుంది. చాకు మొనతో గీకితే నల్లటి మైనంలా ఊడుతుంది. ఫ్లాంజ్ మీద స్టీల్ స్కేలు నిలబెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని ఆకులు) దూర్చి చూడాలి. 0.10 మి.మీ. ఆకు దూరితే ఫేసింగ్ తప్పదు. థ్రాటిల్ బాడీ (పెడల్ నొక్కితే గాలి దారి తెరిచేది), ఐడిల్ వాల్వు, మ్యాప్ సెన్సర్ (మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి చూసేది) రంధ్రం శుభ్రం చేయించాలి. ఇంజెక్టర్లను బెంచి మీద పెట్టి నాలుగింటి ప్రవాహం సమానంగా ఉందా అని చూడాలి. ఓ రింగులు, పెట్రోలు గొట్టాలు మార్చేటప్పుడు ఇథనాల్ తట్టుకునే రబ్బరువి అడగండి. పాతకాలం నైట్రైల్ గొట్టాలు ఈ20తో గట్టిపడి చిట్లుతాయి, పెట్రోలు చెమ్మ కట్టిందంటే అది నిప్పుతో చెలగాటమే.

బోల్టులు బిగించేటప్పుడు టార్క్ రెంచ్ వాడమని గట్టిగా అడగండి. అల్యూమినియం హెడ్డులో 8 మి.మీ. బోల్టుకి 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు చాలు, మధ్య నుంచి చివరలకి రెండు విడతల్లో. ప్యాకింగ్ పొడిగానే వేయాలి. నా బండిలో గమ్ము ముక్క ఒకటి పోర్టు అంచున వేలాడుతూ దొరికింది. ఇంకో నెలైతే వాల్వులోకి పోయేది.

దీనితో పాటే ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, ఎయిర్ ఫిల్టర్, ఆక్సిజన్ సెన్సర్ చూసుకుంటే బండి దాని పుట్టినప్పటి బలానికి దగ్గరగా వస్తుంది. మైలేజీ కూడా తేరుకుంటుంది. కాగితాల ఇబ్బంది ఏమీ లేదు.

## రెండో దారి: అదే కుటుంబంలోని పై మోడల్ మ్యానిఫోల్డ్

ఒకే ఇంజిన్ కుటుంబంలో పెద్ద ఇంజిన్‌దో, పై వేరియంట్‌దో మ్యానిఫోల్డ్, థ్రాటిల్ బాడీ తెచ్చి బిగించడం ఇది. వినడానికి తేలికగా ఉంటుంది. పనిలో దిగాకే చిక్కులు తెలుస్తాయి.

ఎస్టీమ్‌నే తీసుకోండి. కార్బురేటర్ ఎస్టీమ్‌ని ఎంపీఎఫ్ఐ చేయించాలని చాలామంది అడుగుతారు. కార్బురేటర్ దానిది 8 వాల్వుల హెడ్డు, తర్వాత వచ్చిన 85 బీహెచ్‌పీ ఎంపీఎఫ్ఐది 16 వాల్వుల హెడ్డు. పోర్టులే వేరు, మ్యానిఫోల్డ్ అతకదు. పైగా ఎంపీఎఫ్ఐ అంటే ఒక్క మ్యానిఫోల్డ్ కాదు. ఇంజెక్టర్లు, రెయిల్, ట్యాంకులో హై ప్రెషర్ పంపు, రిటర్న్ లైను, ఈసీయూ, పూర్తి వైరింగ్, సెన్సర్లు, ఆక్సిజన్ సెన్సర్ కూర్చునే ఎగ్జాస్ట్, అన్నీ కావాలి. విడివిడిగా ఏరుకొచ్చి అతికించిన వైరింగ్ తర్వాత వర్షాకాలంలో ప్రాణం తీస్తుంది. ఆ పని చేయాలంటే ఒకే బండి నుంచి మొత్తం సెట్టు దొరికినప్పుడే చేయాలి. అప్పుడది మ్యానిఫోల్డ్ మార్పిడి కాదు, ఐదో దారిలో చెప్పే ఇంజిన్ మార్పిడి.

బాలెనో 1.6 ఇంజిన్ కూడా ఎస్టీమ్ ఇంజిన్ ఉన్న జీ సిరీస్‌దే. "రెండూ ఒకటే సార్, పడిపోతుంది" అంటారు. కుటుంబం ఒకటైనంత మాత్రాన ప్రతి పార్టూ మారుతుందనుకోవద్దు. పాత మ్యానిఫోల్డ్ ప్యాకింగ్‌ని వెంట తీసుకెళ్లి, కొనే దాని ఫ్లాంజ్ మీద పరిచి చూడండి. రంధ్రం రంధ్రం మీద కూర్చుని, పోర్టు అంచులు లోపలికి పొడుచుకురాకుండా ఉంటేనే బేరం మొదలుపెట్టండి. రన్నర్ పోర్టు కన్నా పెద్దదైతే గాలి వెళ్లే దారిలో మెట్టులా అడ్డు తగులుతుంది, ఉన్న బలం కూడా పోతుంది.

సవ్యంగా అతికినా, ఈసీయూ అదే ఉంచితే చేతికి తెలిసేంత మార్పు చాలా బళ్లలో రాదు. పై ఆర్‌పీఎంలో కొద్దిగా స్వేచ్ఛ, అంతే. ఉన్న మ్యానిఫోల్డ్ నిజంగా పగిలి, పాతది దొరకనప్పుడు ఈ దారి సబబు.

ఐకాన్ 1.6 రోకామ్ ఉన్నవాళ్లకి ఒక మాట. దానికి తక్కువ ఆర్‌పీఎంలోనే మంచి టార్క్ ఉంటుంది, అదే దాని అందం. దాని ఇన్‌టేక్ జోలికి వెళ్లకండి. 1.5 విటెక్ సిటీకి కంపెనీయే 106 బీహెచ్‌పీ ఇచ్చింది. అది ఇప్పుడు డల్‌గా ఉందంటే లోపం వెతకాలి, అప్‌గ్రేడ్ కాదు.

## మూడో దారి: పోర్ట్ మ్యాచింగ్, హెడర్, చల్లగాలి ఇన్‌టేక్, రీమ్యాప్

ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌కి నిజంగా కొంచెం ఎక్కువ కావాలనుకుంటే సరైన వరుస ఇది. మ్యానిఫోల్డ్ నోరు, హెడ్డు పోర్టు ఒకే కొలతకి వచ్చేలా గ్రైండింగ్ చేయించడం, ఎగ్జాస్ట్‌కి 4-2-1 హెడర్ (నాలుగు గొట్టాలు రెండుగా, ఆ రెండు ఒకటిగా కలిసే పైపు), చివర్లో ఈసీయూ పని. టర్బో డీజిల్‌కి రీమ్యాప్ చేస్తే కనిపించే దూకుడు టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌లో రాదు. అన్నీ కలిపి 5 నుంచి 10 శాతం వస్తే బాగా వచ్చినట్టే. పాత ఈసీయూల్లో చాలావాటిని లాప్‌టాప్ పెట్టి మార్చడం కుదరదు, పిగ్గీబ్యాక్ యూనిట్ (ఈసీయూకి తోడుగా తగిలించే డబ్బా) వేయాల్సి వస్తుంది. దాన్ని ట్యూన్ చేసే మనిషి దగ్గర వైడ్‌బ్యాండ్ మీటర్ (గాలి, పెట్రోలు పాళ్లు కొలిచేది) లేకపోతే ఆ పని ఇవ్వకండి. మిశ్రమం పలుచబడితే పిస్టన్ కాలుతుంది.

చల్లగాలి ఇన్‌టేక్ గురించి మాత్రం మన ఊరి అనుభవంతో చెప్పాలి. ఫిల్టర్‌ని బంపర్ కింద, నేలకి దగ్గరగా పెడతారు. చల్లగాలి వస్తుంది, నిజమే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు విజయవాడలో కార్లు ఏమయ్యాయో చూశాం. అంత వరద అక్కర్లేదు. గట్టి వాన పడితే మన అండర్‌పాసుల్లో మోకాలి లోతు నీళ్లు చాలు. ఫిల్టర్ ఒక్క గుక్క నీళ్లు పీల్చిందంటే సిలిండర్‌లో నీరు నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. కంపెనీ ఎయిర్ బాక్సునే ఉంచి, దాని గాలి గొట్టం హెడ్‌లైటు ఎత్తులో తాజా గాలి తీసుకునేలా సరిచేయించండి, ఎగ్జాస్ట్ వైపు వేడి తగలకుండా రేకు అడ్డం పెట్టించండి. ఎండాకాలంలో ఈ చిన్న పని ఇచ్చే లాభం ఖరీదైన కోన్ ఫిల్టర్ ఇవ్వదు. బానెట్ కింద తెరిచి ఉన్న కోన్ ఫిల్టర్ పీల్చేది రేడియేటర్ వేడిగాలినే.

## నాలుగో దారి: కస్టమ్ మ్యానిఫోల్డ్

పైపులు వంచి, అల్యూమినియం వెల్డింగ్ చేసి, నాలుగు థ్రాటిల్ బాడీలు పెట్టి చేయించేది. చూడటానికి, వినడానికి అద్భుతంగా ఉంటుంది. ఐడ్లింగ్ నిలవదు, ఏసీ లోడు తట్టుకోదు, బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ సరిపోక బ్రేకు గట్టిపడవచ్చు. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపే బండికి ఇది వద్దే వద్దు.

## ఐదో దారి: ఇంజిన్ మార్పిడి

కంప్రెషన్ పోయింది, ఆయిల్ తాగుతోంది, బోరు చేయించాలంటే పార్టులు దొరకడం లేదు. అప్పుడు సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఆలోచన న్యాయమైనదే. బాడీ తుప్పు పట్టకుండా గట్టిగా ఉంటే మరీను.

కానీ ఇక్కడ కాగితాలు ముందు, స్పానర్ తర్వాత. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం గట్టిగా చెప్పింది. 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనర్‌కి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అందువల్ల అదే రకం, అదే సామర్థ్యం ఉన్న ఇంజిన్ తీసుకుని, ముందుగా ఆర్టీవో ఆఫీసులో అనుమతి పొంది, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి బండి చూపించి, కొత్త ఇంజిన్ నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. 1.3 బండిలో 1.6 పెట్టడం ఈ లెక్కలో పడదు. ఇన్సూరెన్సుకి కూడా రాతపూర్వకంగా తెలపండి, లేకపోతే క్లెయిమ్ రోజున కాగితాలే మనకి అడ్డం తిరుగుతాయి.

15 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కి పెరిగింది, 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో మళ్లీ పెంచారు. ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూస్తారు. ఇంజిన్ నంబరు కలవకపోతే అక్కడే ఆగిపోతుంది.

కొనేటప్పుడు నంబరు గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు ఉంటే ఎంత చవకైనా వెనక్కి వచ్చేయండి. బిల్లు, ఆ ఇంజిన్ ఏ బండిదో దాని ఆర్సీ జిరాక్సు అడగండి. ఆయిల్ మూత తెరిచి చూడండి. లోపల మజ్జిగ రంగు నురగ ఉంటే నీళ్లు కలిసినట్టే. సెన్సర్ సాకెట్లలో పచ్చటి తుప్పు, ఆల్టర్నేటర్ మూలల్లో ఎండిన బురద కనిపిస్తే అది మునిగిన బండిది.

## అన్నీ పక్కపక్కన

| దారి | ఖర్చు | సిటీలో లాభం | హైవేలో లాభం | రిస్కు | కాగితాలు |
|---|---|---|---|---|---|
| పునరుద్ధరణ | తక్కువ | చాలా ఎక్కువ | ఎక్కువ | తక్కువ | అక్కర్లేదు |
| పై మోడల్ మ్యానిఫోల్డ్ | మధ్యస్థం | నామమాత్రం | కొద్దిగా | అతకకపోవడం, లీకులు | వివరాలు మారకుండా చూసుకోవాలి |
| హెడర్, రీమ్యాప్ | మధ్యస్థం నుంచి ఎక్కువ | కొద్దిగా | బాగానే | ట్యూనింగ్ మీద ఆధారం | పొల్యూషన్, శబ్దం హద్దులో ఉండాలి |
| కస్టమ్ | చాలా ఎక్కువ | నష్టం | పై ఆర్‌పీఎంలో మాత్రమే | ఎక్కువ | రోడ్డు మీద చిక్కే |
| ఇంజిన్ మార్పిడి | ఎక్కువ | ఇంజిన్‌ని బట్టి | ఇంజిన్‌ని బట్టి | దొంగ, మునిగిన ఇంజిన్లు | అనుమతి తప్పనిసరి |

## మీరు ఎవరైతే ఏది

రోజూ ఆఫీసుకి నడిపేవాళ్లు. పునరుద్ధరణ చేయించి ఆగిపోండి. మిగిలిన డబ్బు రేడియేటర్, హోసులు, ఏసీ కంప్రెసర్, క్లచ్ మీద పెట్టండి. జారుతున్న క్లచ్‌ని పికప్ లేకపోవడం అనుకుని ఇంజిన్ మీద ఖర్చుపెట్టినవాళ్లని నేను చూశాను.

వారానికి రెండుసార్లు గుంటూరు, ఏలూరు, ఒంగోలు తిరిగేవాళ్లు. పునరుద్ధరణ, మంచి హెడర్, గాలి గొట్టం సవరణ. రీమ్యాప్ తర్వాత చూడవచ్చు. ఏం పెంచినా ముందు బ్రేకులు. డిస్కులు, ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, టైర్ల తేదీ చూడకుండా బండికి వేగం ఇవ్వకండి. ఇది నేను బతిమాలి చెప్పే మాట.

గ్యాస్ కిట్ ఉన్నవాళ్లు. ఇగ్నిషన్ ముందు సరిచేయించండి. బ్యాక్‌ఫైర్ వచ్చే బండిలో ఏ మ్యానిఫోల్డూ బతకదు.

నాన్నగారి బండి, అమ్మే ఆలోచనే లేనివాళ్లు. ఒరిజినల్ పార్టులే వేయించండి. ఆ మోడల్ మ్యానిఫోల్డ్, థ్రాటిల్ బాడీ, డిస్ట్రిబ్యూటర్ మంచివి కనబడితే ఇప్పుడే కొని దాచండి. స్క్రాప్‌కి పోయే ప్రతి బండితో అవి తగ్గిపోతున్నాయి.

కొత్తగా మోజుపడ్డ కుర్రాళ్లు. ఆరు నెలలు స్టాక్ బండినే నడపండి. ఏ ఆర్‌పీఎంలో బండి మీకు చాలడం లేదో కాగితం మీద రాసుకోండి. అప్పుడు షెడ్డుకి వెళ్తే ఎవరో చెప్పినది కాకుండా మీకు కావాల్సింది అడగగలుగుతారు.

ఖర్చు విషయంలో నేను పాటించే హద్దు ఒకటుంది. బండి ఈ రోజు అమ్మితే ఎంత వస్తుందో, అందులో పావు వంతు దాటితే ఆ పని ఆపి మళ్లీ ఆలోచిస్తాను. ఇంజిన్ మార్పిడికి ఈ హద్దు వర్తించదు, అది మనసుతో చేసే ఖర్చు.

## పని అయ్యాక

షెడ్డు నుంచి తీసుకొచ్చేముందు ఏసీ వేసి, హెడ్‌లైట్లు వేసి, పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచండి. ఫ్యాన్ తిరిగి ఆగేదాకా చూడండి. బ్రేకు పెడల్ ఎప్పటిలాగే మెత్తగా ఉందా అని నొక్కి చూడండి, బూస్టర్ గొట్టం వదులుగా ఉంటే అక్కడే తెలుస్తుంది. 500 కి.మీ. తర్వాత ఇంజిన్ చల్లారాక మ్యానిఫోల్డ్ బోల్టుల బిగువు మళ్లీ చూపించండి. అదే రోజు ఒక ప్లగ్గు విప్పించండి. మొన లేత కాఫీ రంగులో ఉంటే మిశ్రమం కుదిరినట్టు. తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువ తాగుతోంది, నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు ఉన్నా సరే ఒకసారి మీటర్ పెట్టించి చూడండి. ఆ చీటీలో కార్బన్ మోనాక్సైడ్ అంకె ముందటి దానికన్నా పెరిగితే, ఆ చీటీ పట్టుకుని అదే మేస్త్రి దగ్గరికి మళ్లీ వెళ్లండి.